వెలుగులో ఒక రంగు, చీకటిలో ఒక రంగు

ఇంగ్లండులో ఒక ఇంటి ముందు ఒక గేటు స్తంభం ఉండేది. దానికి ఎవరో తెల్లరంగు వేశారు. పొద్దెక్కి ఎండ తగిలేసరికి ఆ స్తంభం నల్లబడేది. పొద్దు గూకి చీకటిపడ్డాక మళ్ళీ తెల్లగా అయేది. మర్నాడు పగలు మళ్ళీ నలుపు, రాత్రికి మళ్ళీ తెలుపు. రోజూ ఇదే వరస!

ఇది కట్టుకథ కాదు. 1881లో ఫిప్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని లోకానికి వెల్లడించాడు. ఆ స్తంభాన్ని దయ్యమేమీ పట్టలేదు. దానికి వేసిన రంగులో జింకు కలిసిన పొడి ఒకటి ఉన్నది. ఎండ తగిలితే ఆ పొడిలోంచి జింకు కొంచెం విడివడి నల్లగా కనిపించేది. చీకటిలో ఆ జింకు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మళ్ళీ తెల్లబడేది.

ఎండకు రంగు మారటం మనకు కొత్త కాదు. కొత్త చీర నాలుగు రోజులు ఎండలో ఆరవేస్తే వెలిసిపోతుంది. కాని వెలిసిన చీరను తెచ్చి చీకటి గదిలో పెట్టినంత మాత్రాన పోయిన రంగు తిరిగి వస్తుందా? రాదు. పోయిన రంగు పోయినట్టే. గేటు స్తంభం సంగతి అలా కాదు. దాని రంగు వెళ్ళింది, తిరిగి వచ్చింది. వింత అంతా ఈ తిరిగి రావటంలోనే ఉన్నది.

ఫిప్సన్‌కు ముందే, 1867లో, రష్యాలో ఫ్రిట్‌షే అనే ఆయన ఇలాంటి వింతనే చూశాడు. ఆయన దగ్గర టెట్రసీన్ అనే పదార్థం కలిపిన నారింజరంగు ద్రవం ఉన్నది. పగటి వెలుగులో పెడితే దాని రంగు విరిగిపోయేది. చీకటిలో పెడితే మళ్ళీ వచ్చేది. టెట్రసీన్ కర్బన పదార్థం. చక్కెర, నూనె, పసుపు, నీలిమందు—ఇవన్నీ కర్బన పదార్థాలే. వీటి అణువులకు వెన్నెముకలాగా కర్బన పరమాణువుల గొలుసులో, వలయాలో ఉంటాయి.

తరవాత 1899లో మార్క్‌వాల్డ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఇలా రంగు మారే కర్బన పదార్థాలను శ్రద్ధగా పరీక్షించి, ఇది ఒక ప్రత్యేకమైన ప్రకృతి ధర్మమని చెప్పాడు. 1950లో ఇజ్రాయెల్ దేశపు శాస్త్రజ్ఞుడు హిర్ష్‌బర్గ్ దీనికి "ఫోటోక్రోమిజం" అనే పేరు పెట్టాడు. గ్రీకు భాషలో "ఫోటో" అన్న మాట వెలుగుకూ, "క్రోమ" అన్న మాట రంగుకూ సంబంధించినవి. రెండూ కలిపితే వెలుగువల్ల వచ్చే రంగు అన్నమాట.

ఇంతకూ ఈ రంగు ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కడికి పోతుంది?

ముందు అసలు రంగంటే ఏమిటో చూద్దాం. సూర్యుడి తెల్లని వెలుగులో ఇంద్రధనుస్సులోని రంగులన్నీ కలిసి ఉన్నాయి. ఆకుమీద ఆ వెలుగు పడితే, ఆకు అందులో ఎరుపునూ నీలాన్నీ చాలావరకు మింగివేస్తుంది. మింగకుండా వదిలిన ఆకుపచ్చ మన కంటికి వస్తుంది. అందువల్ల ఆకు పచ్చగా కనపడుతుంది. కంటికి కనిపించే వెలుగులో దేన్నీ మింగని పదార్థం రంగు లేకుండా మంచినీళ్ళలాగా ఉంటుంది.

వెలుగును మింగేవి అణువులోని ఎలక్ట్రానులు. ఏ అణువు ఏ వెలుగును మింగుతుందనేది, ఆ ఎలక్ట్రానులకు తిరగటానికి ఎంత చోటున్నదనే దానిమీద ఆధారపడుతుంది. మీరు వీణ వాయించటం చూసి ఉంటారు. తీగను కింది మెట్టుమీద నొక్కితే మోగే తీగ పొట్టిదవుతుంది, స్వరం పైకి పోతుంది. మోగే తీగ పొడవు పెరిగితే స్వరం కిందికి దిగుతుంది. అణువులూ అంతే. ఎలక్ట్రానులు తిరిగే దారి పొట్టిగా ఉంటే ఆ అణువు పై స్థాయి వెలుగును, అంటే అతినీలలోహిత కిరణాలను, మింగుతుంది. ఆ కిరణాలు మన కంటికి కనపడవు గనక అవి పోయినా మనకు తెలియదు. పదార్థానికి రంగు లేదంటాం. దారి పొడవైతే అణువు కింది స్థాయి వెలుగును, అంటే మనకు కనిపించే రంగులను, మింగటం మొదలుపెడుతుంది. అప్పుడు పదార్థానికి రంగు వస్తుంది.

ఇప్పుడు మన వింత పదార్థాల దగ్గరికి వద్దాం. స్పైరోపైరాన్‌లని ఒక జాతి కర్బన పదార్థాలున్నాయి. 1952లో హిర్ష్‌బర్గ్, ఫిషర్ అనే ఇద్దరూ కలిసి ఇవి వెలుగుకు రంగు మారతాయని వెల్లడించారు. స్పైరోపైరాన్ అణువులో రెండు భాగాలున్నాయి. రెండు పలకలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి మధ్యలో ఒకే ఒక్క కర్బన పరమాణువుతో అతికించినట్టు ఉంటుందది. ఒక పలకమీది ఎలక్ట్రానులు రెండో పలకమీదికి దాటలేవు. రెండు పొట్టి తీగలున్న వీణ అనుకోండి. అందుచేత దానికి రంగు లేదు.

దానిమీద అతినీలలోహిత కిరణం పడిందంటే, అతుకు దగ్గర కర్బనానికీ ప్రాణవాయువుకూ మధ్య ఉన్న ముడి ఊడిపోతుంది. ముడి ఊడగానే ఒక పలక తిరిగి, రెండోదానితో ఒకే మట్టాన పరుచుకుంటుంది. రెండు పొట్టి తీగలు కలిసి ఒక పొడవైన తీగ అయింది! ఎలక్ట్రానులు ఈ కొసనుంచి ఆ కొసదాకా తిరగగలుగుతాయి. వెంటనే రంగులేని పదార్థం నీలంగానో, ఊదాగానో మారుతుంది.

చీకటిలో పెడితే ఏమవుతుంది? అణువులు ఎప్పుడూ ఊరికే ఉండవు. వేడివల్ల అవి కదులుతూ, ఊగుతూ, మెలికలు తిరుగుతూ ఉంటాయి. ఆ ఊగులాటలో విడిపోయిన కొసలు దగ్గరికి వచ్చి మళ్ళీ ముడిపడతాయి. రంగు పోతుంది. ముడి విప్పటానికి వెలుగు కావలసి వచ్చింది. వేయటానికి మామూలు వేడి చాలు.

ఈ విద్యను మనుషులు దేనికి ఉపయోగించారో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంట్లో తెల్లగా ఉండి, ఎండలోకి వస్తే నల్లబడే కళ్ళజోళ్ళున్నాయి గదా! మొదట వచ్చినవి గాజువి. 1964లో అమెరికాలోని కార్నింగ్ గాజు కంపెనీకి చెందిన ఆర్మిస్టెడ్, స్టూకీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వాటిని గురించి ప్రకటించారు. ఆ గాజులో వెండి లవణాల స్ఫటికాలు, కంటికి కనపడనంత చిన్నవి, కోటానుకోట్లు ఉంటాయి. ఎండలో అవి వెండి రేణువులను విడిచి నల్లబడతాయి, నీడలో తిరిగి కలుసుకుంటాయి. తరవాత తేలికగా ఉండే ప్లాస్టిక్ అద్దాలు వాడుకలోకి వచ్చాయి. వాటికి వెండి లవణాలు పనికిరాలేదు. స్పైరోపైరాన్‌లకు చుట్టాలైన కర్బన పదార్థాలు కావలసి వచ్చాయి. నాఫ్తోపైరాన్‌లనేవి వీటిలో ముఖ్యం. వీటి కిటుకూ అదే: వెలుగుకు ముడి ఊడటం, వేడికి ముడిపడటం. ఒక రకం పసుపురంగు ఇస్తుంది, ఒక రకం ఎరుపు, ఇంకొకటి నీలం. వీటిని పాళ్ళు చూసి కలిపితే అద్దానికి బూడిదరంగో గోధుమరంగో వస్తుంది. 1990 తరవాత ఇలాంటి ప్లాస్టిక్ అద్దాలు దేశదేశాల్లోనూ అమ్మకానికి వచ్చాయి.

ఈ కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళను అడిగితే రెండు విచిత్రాలు చెబుతారు. మొదటిది, కారులో కూచుంటే ఎంత ఎండ ఉన్నా అద్దాలు సరిగా నల్లబడవు. ఎందుచేతనంటే కారు ముందరి అద్దం అతినీలలోహిత కిరణాలను బయటే ఆపేస్తుంది. అవి లేనిదే ముడి ఊడదు.

రెండోది ఇంకా విచిత్రం. రోళ్ళు పగిలే రోహిణి ఎండలో ఈ అద్దాలు ఇంకా ఎక్కువగా నల్లబడాలి గదా? అలా జరగదు! ఎముకలు కొరికే చలిలో, మంచు కొండలమీద ఎండ కాసినప్పుడే బాగా నల్లబడతాయి. ఆలోచిస్తే కారణం మీకే తోస్తుంది. ఎండలో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. వెలుగు ముళ్ళు విప్పుతున్నది, వేడి ముళ్ళు వేస్తున్నది. చలిలో వేసేవాడికి ఓపిక ఉండదు, విప్పేవాడిదే పైచెయ్యి. రోహిణి కార్తెలో వేసేవాడు చురుకుగా ఉంటాడు, విప్పినదాన్ని విప్పినట్టే మళ్ళీ ముడివేస్తాడు.

ఇంట్లో తాతగారికో నాన్నగారికో ఇలాంటి కళ్ళజోడుంటే, వారిని అడిగి తీసుకుని ఈ ప్రయోగం చేసి చూడండి. ఒక అద్దంమీద నల్లకాగితం ముక్క సన్నగా కత్తిరించి పెట్టండి. రెండు మూడు నిమిషాలు ఎండలో ఉంచి, కాగితం తీసి చూడండి. కాగితం ఉన్న చోట తెల్లని చార కనిపిస్తుంది. తరవాత అద్దాలు రెండూ బాగా నల్లబడనిచ్చి గదిలోకి తీసుకురండి. ఒక అద్దంమీద చన్నీళ్ళలో తడిపిన మెత్తని గుడ్డ, రెండోదానిమీద గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండిన గుడ్డ కప్పండి. కాసేపటికి తీసి చూస్తే, వెచ్చగా ఉన్న అద్దం ముందు తెల్లబడి ఉంటుంది. మరిగే నీళ్ళు మాత్రం వాడకండి. కళ్ళజోడు పాడవుతుంది, తాతగారికి కోపం వస్తుంది!

ఈ అణువులకు ఒక లోపమున్నది. ముడి విప్పి వేయటం వేలసార్లు జరిగాక, ఎప్పుడో ఒకసారి ముడి తప్పుగా పడుతుంది. లేదా గాలిలోని ప్రాణవాయువు వచ్చి అణువును చెడగొడుతుంది. అలా చెడిన అణువు ఇక మారదు. అందుకే ఈ కళ్ళజోళ్ళు కొన్నేళ్ళు వాడాక మునుపటిలాగా నల్లబడవు. అణువులకు కూడా అలసట ఉంటుందన్నమాట.

మరి అలసిపోని అణువులు లేవా? వేడికి మారకుండా, వెలుగు చెప్పినప్పుడే మారే అణువులు లేవా? 1988లో జపాను శాస్త్రజ్ఞుడు మసాహిరో ఇరియే, ఆయన తోటివారు కలిసి డైఆరైల్‌ఈథీన్‌లనే కొత్తరకం పదార్థాలను వెలుగులోకి తెచ్చారు. వీటిలో కొన్నింటిపై అతినీలలోహిత కిరణాలు పడితే రంగు వస్తుంది. చీకటిలో పెట్టినా ఆ రంగు పోదు. కంటికి కనిపించే వెలుగు పడితేనే పోతుంది. పదివేలసార్లకు పైగా మార్చినా అలసటపడనివి వీటిలో ఉన్నాయి. రంగున్నచోట "ఔను" అనీ, లేనిచోట "కాదు" అనీ అనుకుంటే, వీటిమీద వెలుగుతో రాయవచ్చు, వెలుగుతో చెరపవచ్చు. ఇలాంటి జ్ఞాపకశక్తి గల పలక చేయవచ్చునని హిర్ష్‌బర్గ్ 1956లోనే సూచించాడు. అంతేకాదు. ఈ పదార్థాల సన్నని స్ఫటికాలు కొన్ని, కిరణాలు తగలగానే రంగుతోపాటు వంపుకూడా తిరుగుతాయి. వెలుగు మారిస్తే మళ్ళీ నిటారుగా నిలబడతాయి. కోటానుకోట్ల అణువులు ఒక్కుమ్మడిగా ఆకారం మార్చుకోవటంవల్ల, మొత్తం స్ఫటికమే కదులుతుందన్నమాట.

ఐతే ఇలాంటి అణువుల్లో మనకు అన్నిటికంటె ముఖ్యమైనది ప్రయోగశాలలో పుట్టలేదు. అది మన కంట్లోనే ఉన్నది.

1876లో ఫ్రాంజ్ బోల్ అనే శాస్త్రజ్ఞుడు రోము నగరంలో కప్ప కన్నును పరీక్షించాడు. కన్ను లోపలి గోడకు నేత్రపటలమనే పలచని పొర ఉంటుంది. చీకటిలో ఉంచిన కప్పకు ఆ పొర ఎర్రని ఊదారంగుతో మెరుస్తున్నది. వెలుగు తగలగానే ఆ రంగు పసుపుబారి, తరవాత తెల్లబడింది. బతికున్న కప్పలను తిరిగి చీకటిలో ఉంచితే వాటికి ఆ రంగు మళ్ళీ వచ్చింది. ఆ రంగు పదార్థాన్ని ఇప్పుడు రొడాప్సిన్ అంటున్నారు. కొద్దికాలానికే జర్మనీలో క్యూనే అనే ఆయన దీన్ని నేత్రపటలంనుంచి కరిగించి తీశాడు. 1878లో ఆయన ఒక కుందేలు నేత్రపటలంమీద, అది ఆఖరున చూసిన కిటికీ బొమ్మను, ఊచలతో సహా చూపించాడు. వెలుగు పడ్డచోట రంగు పోయి, పడనిచోట మిగిలింది మరి!

రొడాప్సిన్ పనిచేసే తీరును అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి వాల్డ్ విడమరచి చెప్పాడు. ఇందుకు ఆయనకు 1967లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది. రొడాప్సిన్‌లో ఒక పెద్ద మాంసకృత్తు, దాని ఒడిలో వంగి కూచున్న రెటినాల్ అనే చిన్న అణువు ఉన్నాయి. వెలుగు తగిలితే ఆ వంగిన రెటినాల్ నిటారుగా సాగుతుంది. వెలుగు చేసే పని ఇంతే. ఇది జరగటానికి, సెకండును లక్షకోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగంకూడా పట్టదు. రెటినాల్ సాగటంతో మాంసకృత్తు ఆకారం మారుతుంది. అక్కడినుంచి కబురు నరాలగుండా మెదడుకు పోతుంది. మనం "చూశాను" అంటాం. మీరు ఈ అక్షరాలు చదువుతున్నంతసేపూ మీ కళ్ళలో రెటినాల్ అణువులు వంపు విప్పుకుంటూనే ఉన్నాయి.

సాగిన రెటినాల్ మాంసకృత్తు ఒడిలోంచి జారిపోతుంది. కన్ను దాన్ని పక్క కణాలకు పంపి, మళ్ళీ వంచి, తెచ్చి కూచోబెడుతుంది. దీనికి కొంత సమయం కావాలి. మాట్నీ ఆటకు ఎండలోనుంచి హాల్లోకి వెళ్ళినప్పుడు మొదట ఏమీ కనపడక, కుర్చీలు తడుముకోవటం ఇందువల్లనే. మసకలో చూసే కణాలలోని రొడాప్సిన్‌ను ఎండ చాలావరకు వెలవెలపోయేట్టు చేసింది. అది తిరిగి పూర్తిగా నిండటానికి అరగంటకు పైగా పడుతుంది.

కావాలంటే పరీక్షించండి. పగటిపూట పెరట్లో నిలబడి ఒక కన్నును అరచేత్తో పది నిమిషాలు మూసి ఉంచండి. సూర్యుడివంక మాత్రం ఎప్పుడూ చూడకూడదు. తరవాత మసకగా ఉన్న గదిలోకి పోయి, మూసిన కన్ను తెరిచి, దానితో మాత్రమే చూడండి. ఆ తరవాత రెండోదానితో మాత్రమే చూడండి. ఒక కంటికి బిందెలూ పెట్టెలూ కనిపిస్తాయి. రెండో కంటికి అంతా చీకటే!

మరి ఈ రెటినాల్ మనకు ఎక్కడినుంచి వచ్చింది? అన్నంలోనుంచి! ఏ విటమిన్‌నుంచి శరీరం దీన్ని తయారుచేసుకుంటుంది. కొంత రెటినాల్ ఎప్పటికప్పుడు ఖర్చయిపోతూ ఉంటుంది గనక, తిండిద్వారా ఏ విటమిన్ అందుతూనే ఉండాలి. అందకపోతే రొడాప్సిన్ తిరిగి నిండదు. పగలు బాగానే చూసే పిల్లవాడు దీపాలవేళకు గడప తన్నుకుంటాడు, ముందున్న కంచం కోసం తడుముకుంటాడు. పెద్దవాళ్ళు "కళ్ళు నెత్తికెక్కాయా?" అని కోప్పడతారు. కాని తప్పు పిల్లవాడిది కాదు. అది రేచీకటి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. రేచీకటి దశలో ఏ విటమిన్ అందితే చూపు తిరిగి వస్తుంది, చీకటిలో పెట్టిన కప్ప కంటికి రంగు తిరిగి వచ్చినట్టే. నిర్లక్ష్యం చేస్తే కన్ను పొడిబారుతుంది, తెల్లగుడ్డుమీద నురుగులాంటి మచ్చలు వేస్తాయి, చివరకు నల్లగుడ్డు మీది పొర చెడిపోతుంది. ఆ తరవాత ఏ మందు ఇచ్చినా పోయిన చూపు రాదు. వెలిసిన చీరలాగా, పోయింది పోయినట్టే.

ఒకప్పుడు మనదేశంలో ఎంతోమంది పసిపిల్లలు ఇలా చూపు పోగొట్టుకున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఆరేసి నెలలకొకసారి ఏ విటమిన్ పెద్ద మోతాదులో నోటిద్వారా ఇస్తే ఈ ఆపద తప్పించవచ్చునని పరిశోధించి చూపారు. దాని ఆధారంగా 1970లో ప్రభుత్వం ఈ పథకాన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు పిల్లలకు తొమ్మిదో నెలలో మొదటి మోతాదు, ఏడాదిన్నర వయసులో రెండోది, ఆ తరవాత ఐదేళ్ళదాకా ఆరేసి నెలలకొకటి చొప్పున ఇస్తారు. దీన్ని ఆరోగ్య కార్యకర్తలే ఇవ్వాలి. శ్రుతిమించితే ఈ విటమిన్ హాని చేస్తుంది గనక ఎవరికి వారు పోయకూడదు.

తిండి సంగతి మాత్రం మన చేతిలోనే ఉన్నది. మునగాకు, తోటకూర, పాలకూర, కారెట్, బొప్పాయి, మామిడిపండు—వీటిలో ఉన్న పదార్థాన్ని శరీరం ఏ విటమిన్‌గా మార్చుకుంటుంది. పాలు, వెన్న, గుడ్డు సొన, కాలేయం ఏ విటమిన్‌నే నేరుగా ఇస్తాయి. ప్రాచీన ఈజిప్టు, గ్రీసు వైద్యులు ఏ విటమిన్ పేరు తెలియకుండానే రేచీకటికి కాలేయం వాడారు. ఆకుకూరను కొంచెం నూనెతో పోపు పెట్టి తింటే అందులోని సత్తువ ఒంటికి బాగా పడుతుంది.

కనక ఈసారి కంచంలో తోటకూర వేసినప్పుడు పక్కకు నెట్టేముందు ఒక్క క్షణం ఆలోచించండి. రాత్రి అమ్మ దీపం తగ్గించాక, ఆ మసకలో మీకు అమ్మ ముఖం కనపడేది దానివల్లనే.